బోర్ పని అయ్యాక బండి లాగడం లేదా? లారీ ఇంజన్ ప్రశ్నలు, జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ చెన్నైలోనూ ఆ చుట్టుపక్కలా లారీలు తిప్పుకునే, బాగుచేసే తెలుగువాళ్ల నుంచి వచ్చినవి. ఇంజన్ మొత్తం విప్పి పని చేయించాక కొత్త బాధ మొదలైందన్నదే అందరి మాటా. మొదటి ప్రశ్నకు జవాబు పెద్దదే. మిగతావి చదివేవాళ్లు కూడా ముందు అది చదివితే మంచిది.

ప్రశ్న: మాది పది టైర్ల లారీ. 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల కమిన్స్ టర్బో ఇంజన్, మెకానికల్ డీజిల్ పంపు. బోర్ (పిస్టన్ ఆడే సిలిండరు రంధ్రం) పెద్దది చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు, రింగులు, బేరింగులు వేయించాం. పాత హెడ్ (సిలిండర్ల పై మూత) పగిలిందంటే పుదుపేట పాత సామాన్ల బజారులో ఇంకో హెడ్ తెచ్చాం. డీజిల్ చిమ్మే నాజిళ్లు కొత్తవి. అప్పట్నుంచీ పొద్దున స్టార్ట్ చేస్తే తెల్ల పొగ కమ్మేస్తోంది, లోడు మీద నల్ల పొగ. బెంగళూరు వెళ్తూ మొగిలి ఘాట్ ఎక్కేసరికి టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. డీజిల్ ఎక్కువ తాగుతోంది. రింగులు సెట్ కావాలి, ఐదు వేల కిలోమీటర్లు తిరిగితే అదే సర్దుకుంటుందని మెకానిక్ అంటున్నాడు. ఆగమంటారా, విప్పించమంటారా?
లారీ యజమాని, మాధవరం

జవాబు: ఆగొద్దు. అలాగని రేపే విప్పించనూ వద్దు.

రింగులు సెట్ కావడం అనేది నిజమే. కొత్త రింగు, హోనింగ్ (సన్నగా గీతలు పడేలా రుద్దడం) గీతలున్న బోరు ఒకదాన్నొకటి అరగదీసుకుని అతుక్కోవడానికి కొంత దూరం తిరగాలి. ఆ లోపల కాస్త ఆయిల్ తాగొచ్చు, బ్రీదర్‌లో బ్యాక్ కంప్రెషన్, అంటే రింగులు దాటి కిందికొచ్చే పొగ, కొంచెం ఎక్కువ కనిపించొచ్చు. కానీ రోజూ పొద్దున కమ్మేసే తెల్ల పొగ, లోడు మీద నల్ల పొగ, ఘాట్‌లో వేడి, ఈ మూడూ కలిసి వస్తే అది రింగుల లెక్క కాదు. తెల్ల పొగంటే లోపలికి చిమ్మిన డీజిల్ కాలకుండా ఆవిరై బయటికి రావడం. కంప్రెషన్ తక్కువైనా, పంపు టైమింగ్ (డీజిల్ చిమ్మే వేళ) లేటైనా, నాజిల్ తప్పు చోట చిమ్మినా ఇదే వస్తుంది. అవి కిలోమీటర్లు తిరిగితే తగ్గేవి కావు. పైగా అలాగే తిప్పితే కాలని డీజిల్ బోరు గోడ మీది ఆయిల్‌ని కడిగేసి కొత్త రింగుల్ని తినేస్తుంది.

ముందు బండి దగ్గరికి కాదు, బిల్లుల దగ్గరికి వెళ్లండి. కమిన్స్ ఇంజన్ మీద ఉండే ప్లేటులో ఇంజన్ సీరియల్ నంబరుతో పాటు సీపీఎల్ అనే నంబరు ఉంటుంది. కంట్రోల్ పార్ట్స్ లిస్ట్ అన్నమాట. ఆ ఇంజన్‌కి ఏ పిస్టను, ఏ క్యామ్‌షాఫ్టు, ఏ టర్బో, ఏ నాజిలు, పంపుకి ఏ క్యాలిబ్రేషన్ అన్నది ఆ నంబరే చెబుతుంది. ఇదే 5.9 లీటర్ల ఇంజన్ టర్బో లేకుండా వచ్చింది, టర్బోతో వచ్చింది, టర్బోకి తోడు ఆఫ్టర్‌కూలర్‌తోనూ వచ్చింది. అన్నిటికీ బోరు 102 మి.మీ., స్ట్రోకు 120 మి.మీ. అందుకే ఒకదాని పిస్టన్ ఇంకోదాంట్లోకి సుబ్బరంగా దిగిపోతుంది. దిగింది కదా అని సరిపోయినట్టు కాదు. పిస్టన్ నెత్తిన ఉండే గిన్నె ఆకారం, పిన్ను మధ్య నుంచి పైతలం దాకా ఉండే ఎత్తు, పై రింగు గాడి కీస్టోనా (ఏటవాలు గోడలదా) మామూలుదా అన్నవి వేర్వేరుగా ఉంటాయి. షాపులో బండి మోడల్ పేరు చెప్పి సామాను అడిగినప్పుడు జరిగే పొరపాటు ఇక్కడే. పెట్టెల మీది పార్టు నంబర్లు రాసుకుని, ప్లేటు ఫోటోతో సహా కంపెనీ పార్ట్స్ కౌంటర్‌లో సరిచూపించుకోండి. సగం కేసులు ఇంజన్ ముట్టకుండానే ఇక్కడ తేలిపోతాయి. పెట్టెలు పారేసి ఉంటే పాత పిస్టనైనా ఉందేమో చూడండి, దాంతో తర్వాత పని ఉంది.

ఇక ఇంజన్ దగ్గర ఒక్క సూత్రం పట్టుకోండి. తప్పు సామాను వేస్తే ఆరు సిలిండర్లూ ఒకే రకంగా చెడతాయి. బిగింపులో పొరపాటైతే ఒకటో రెండో చెడతాయి. కింద చెప్పే పరీక్షలన్నీ ఈ తేడా పట్టుకోవడానికే. సెట్టులో ఒక్క ముక్క వేరేది కలిసిపోతే మాత్రం ఈ సూత్రం తప్పుతుంది. అందుకే నంబర్లు చూసేటప్పుడు ఒకటి చూసి వదిలేయకుండా ఆరూ చూడాలి.

ఖర్చు లేనివి ముందు కానిచ్చేయండి. ఎయిర్ ఫిల్టరు, టర్బో నుంచి మానిఫోల్డు దాకా హోసులు, క్లిప్పులు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ట్యాపెట్లు, అంటే వాల్వుల సందు: ఇన్‌లెట్ 0.25 మి.మీ., ఎగ్జాస్ట్ 0.51 మి.మీ., అంటే షెడ్డు భాషలో పది థౌ, ఇరవై థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). ట్యాపెట్ కవరు తీసినప్పుడే క్యామ్ టైమింగ్ (వాల్వులు తెరుచుకునే వేళ) కూడా చూసేయొచ్చు. ఈ ఇంజన్ ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. కాబట్టి ఒకటో సిలిండరు కంప్రెషన్ చివర్లో పైన ఉన్నప్పుడు ఆరోదానికి రెండు వాల్వులూ తూగుతుండాలి, ఎగ్జాస్ట్ మూసుకుంటూ, ఇన్‌లెట్ తెరుచుకుంటూ. ఆ తూగు ఒక పక్కకి బాగా ఒరిగి ఉంటే గేరు ఒక పన్ను తప్పి కూర్చుందని అనుమానించాలి.

తర్వాత నాజిళ్లు. ఆరూ బయటికి తీయించండి. ముందు ముక్కు మీద చెక్కిన నంబర్లు ఆరూ ఒకటేనా, అది సీపీఎల్ చెప్పిన నంబరేనా చూడండి. మసి పట్టినా డీజిల్‌తో తుడిస్తే నంబరు కనిపిస్తుంది. ఆ తర్వాత కింది రాగి వాషరు చూడండి. ఒకే వాషరు ఉండాలి, మందం సరైనదై ఉండాలి. పాత వాషరు హెడ్ గుంటలో అతుక్కుపోయి ఉండగా దాని మీదే కొత్తది వేసేయడం చాలా షెడ్లలో జరిగే పని. పైగా మీ హెడ్ పుదుపేట నుంచి వచ్చింది, దాని గుంటలో ఏం మిగిలి ఉందో టార్చి వేసి చూడాల్సిందే. వాషరు మందం పెరిగితే నాజిల్ ముక్కు అంత పైకి లేస్తుంది, చిమ్మే డీజిల్ పిస్టన్ గిన్నెలో పడకుండా అంచు మీదా హెడ్ మీదా పడుతుంది. నాజిల్ తీసిన రంధ్రంలోంచి బోర్‌స్కోప్ కెమెరా దింపితే ఇది కళ్లకు కడుతుంది. సరైన జోడీ అయితే చిమ్మిన ధారల గుర్తులు గిన్నె లోపలి గోడ మీద రేకుల్లా సమానంగా పరుచుకుని ఉంటాయి. గుర్తులు గిన్నె పెదవి దాటి పైతలం మీదికి పాకి, అక్కడ తడిసిన నల్ల మచ్చలుంటే నాజిలైనా పిస్టనైనా ఇంకో ఇంజన్‌ది. ఆరింటికీ అలాగే ఉంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

నాజిళ్లు బయట ఉన్నప్పుడే కంప్రెషన్ పరీక్ష చేయించండి. బ్యాటరీ ఫుల్ ఛార్జిలో ఉండాలి, అన్ని సిలిండర్లకీ ఒకే వేగంతో తిప్పాలి. ఒకటి మాత్రమే మిగతావాటి కన్నా పది శాతం పైగా తక్కువైతే రింగో వాల్వో. ఆరూ సమానంగా, మాన్యువల్ అంకె కన్నా తక్కువైతే క్యామ్ టైమింగ్, లేకపోతే పిస్టన్ ఎత్తు, లేకపోతే గాస్కెట్ మందం. ఈ మూడో దాని మీద ఒక మాట. బ్లాకు పైతలం చెక్కించినప్పుడు వేయడానికి మామూలు దాని కన్నా 0.25, 0.50 మి.మీ. ఎక్కువ మందం గాస్కెట్లు వస్తాయి. చెక్కించని బ్లాకుకి అది వేస్తే ఏమవుతుందో లెక్క చూడండి. ఒక్కో సిలిండరు ఘనపరిమాణం దాదాపు 980 సీసీ. కంప్రెషన్ రేషియో 17.5 అనుకుంటే, పిస్టన్ పైకొచ్చాక మిగిలే జాగా 59 సీసీకి కాస్త ఎక్కువ. అరమిల్లీమీటరు ఎత్తు పెరిగితే ఆ జాగాకి మరో 4 సీసీ కలుస్తుంది. రేషియో 16.4కి పడిపోతుంది. పిస్టన్ ఎత్తు అర మిల్లీమీటరు తక్కువైనా ఇదే లెక్క. రెండూ కలిసొస్తే చలికాలం పొద్దున బండి స్టార్టవ్వడమే గగనం.

పంపు టైమింగ్ విడిగా చూడాలి. కీ (గేరు జారకుండా పట్టే చిన్న ముక్క) లేని టేపర్ షాఫ్టు మీద గేరు బిగించే పంపులున్నాయి. వాటిల్లో షాఫ్టునీ గేరు లోపలి తలాన్నీ నూనె జిడ్డు లేకుండా తుడిచి, చెప్పిన టార్కుతో బిగించకపోతే గేరు కొద్దికొద్దిగా జారుతుంది. రోజురోజుకీ పికప్ తగ్గుతోందంటే ఇది గుర్తు పెట్టుకోండి. పని అయిన రోజు నుంచీ ఒకేలా ఉంటే జారుడు కాదు, మొదటే తప్పుగా పెట్టారు. టైమింగ్ లేటైతే మంట ఆలస్యంగా మొదలై పిస్టన్‌ని నెట్టాల్సిన వేడి ఎగ్జాస్ట్‌లోకీ నీళ్లలోకీ పోతుంది. మీ ఘాట్ టెంపరేచర్‌కి కారణం రేడియేటర్ కాకపోవచ్చు. అలాగే టర్బో లేని ఇంజన్‌కి క్యాలిబ్రేట్ చేసిన పంపు కూడా మీ బండికి ఎక్కి ఉండొచ్చు. పంపు షాపువాళ్లు టెస్ట్ బెంచ్ మీద ఏ ప్లేటు ప్రకారం సెట్ చేశారో రాతపూర్వకంగా అడగండి. బూస్టును (టర్బో నెట్టే గాలి ఒత్తిడిని) బట్టి డీజిల్ పెంచే డయాఫ్రం పైపు ఊడిందా, పగిలిందా అదీ చూడండి.

ఇన్ని చూశాక కూడా పిస్టన్ మీదే అనుమానం మిగిలితే అప్పుడు హెడ్ దింపాలి. డయల్ గేజిని బ్లాకు తలం మీద సున్నాకి పెట్టి, పిస్టన్‌ని పైకి తెచ్చి, పిన్ను గీత మీదుగా రెండు చివర్లా కొలిచి సగటు తీయండి. ముందు వెనకల కొలిస్తే పిస్టన్ ఊగి తప్పు అంకె ఇస్తుంది. ఆరూ కొలవాలి. పాత పిస్టన్ దొరికితే రెంటినీ పక్కపక్కన పెట్టి, పిన్ను రంధ్రం పై అంచు నుంచి పైతలం దాకా వెర్నియర్‌తో కొలవండి. రంధ్రం సైజు ఒకటే అయినప్పుడు ఆ కొలతా ఒకటే ఉండాలి. హెడ్ గాస్కెట్‌ని బ్లాకు మీద పరిచి ఒక్కో నీళ్ల రంధ్రం, ఒక్కో ఆయిల్ రంధ్రం చూడండి. వేరే మోడల్ గాస్కెట్ బోల్టులన్నిటికీ కుదిరి, వెనక సిలిండర్ల దగ్గర ఒక నీళ్ల దారిని మాత్రం మూసేయగలదు. మీరు తెచ్చిన హెడ్‌ని ప్రెషర్ టెస్ట్ చేయించి, ఎంత మందం మిగిలిందో, వాల్వులు తలం నుంచి ఎంత లోపలికి ఉన్నాయో కొలిపించండి. ఎక్కువ చెక్కిన హెడ్ అయితే కొత్త గాస్కెట్‌తో ఏం లాభం? తిరిగి బిగించేటప్పుడు ఈ ఇంజన్‌కి అన్ని బోల్టులూ 90 న్యూటన్ మీటర్లు, పొడవు బోల్టులు మాత్రం 120, ఆపైన అన్నిటినీ మరో 90 డిగ్రీలు తిప్పాలి. సాగిన బోల్టు మళ్లీ వాడొద్దు.

ఖర్చు ఎవరు భరించాలన్నది మీకూ మెకానిక్‌కీ మధ్య విషయం. కానీ కొలతలన్నీ తేదీ వేసి కాగితం మీద రాయించుకుంటే ఆ మాట త్వరగా తేలుతుంది.

ప్రశ్న: రెడ్‌హిల్స్‌లో చిన్న షెడ్డు నడుపుతున్నాను. ఇదే రకం ఇంజన్ బిగించాను. చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషర్ బాగుంటుంది, వేడెక్కాక ఐడిల్‌లో లైటు వెలుగుతోంది. క్రాంక్ గ్రైండ్ చేయించాం. ఆయిల్ పంపు మార్చినా తేడా లేదు.
మెకానిక్, రెడ్‌హిల్స్

జవాబు: డాష్‌బోర్డు లైటుని నమ్మకుండా ముందు మెకానికల్ గేజి పెట్టండి. ఈ ఇంజన్‌కి వేడి మీద ఐడిల్‌లో కనీసం 10 పీఎస్ఐ, పూర్తి వేగంలో కనీసం 30 పీఎస్ఐ ఉండాలి. ఆ లోపుంటే పంపు కన్నా ముందు ఆయిల్ ఎక్కడ కారిపోతోందో వెతకాలి.

టర్బో ఇంజన్ బ్లాకులో ప్రతి పిస్టన్ కిందా ఆయిల్ చిమ్మి చల్లబరిచే చిన్న నాజిల్ ఉంటుంది. బ్లాకు కడిగేటప్పుడు అవి తీసి, తిరిగి వేయడం మరిచిపోతే ఆ రంధ్రాల్లోంచి ప్రెషర్ అంతా సంపులోకి (కింది ఆయిల్ తొట్టిలోకి) పోతుంది. ఒక్కటి ఊడినా చాలు. సంపు విప్పి అద్దం పెట్టి చూడండి.

అవి ఉన్నాయంటే బేరింగులు. గ్రైండింగ్ షాపువాళ్లు 0.50 తీశారా, 0.25 తీశారా అన్నది వాళ్ల చీటీలో కాదు, మైక్రోమీటరుతో ప్రతి జర్నల్ (బేరింగ్‌లో తిరిగే క్రాంక్ భాగం) మీదా రెండు దిక్కుల్లో కొలిచి చూడాలి. బేరింగ్ సైజు పెట్టె మీద కాకుండా షెల్ (బేరింగ్ సగం ముక్క) వీపున చదవండి. పెట్టె ఒకటి, షెల్ ఒకటి ఉండటం అరుదేమీ కాదు. మెయిన్ బేరింగుల్లో రంధ్రం ఉన్న సగం బ్లాకు వైపుకే వెళ్లాలి, ఆ రంధ్రం బ్లాకు రంధ్రానికి ఎదురుగా ఉండాలి. ప్లాస్టిగేజ్ (సందు కొలిచే మెత్తటి ప్లాస్టిక్ పోగు) పెట్టి, మెయిన్ క్యాపులు 176, కనెక్టింగ్ రాడ్ బోల్టులు 100 న్యూటన్ మీటర్ల దాకా దశలవారీగా బిగించి, క్రాంక్ తిప్పకుండా విప్పి, నలిగిన వెడల్పు చూడండి. గ్రైండింగ్‌లో జర్నల్ మూలల్లో ఉండాల్సిన వంపు పోగొట్టి ఉంటే ఆ క్రాంక్ ఎప్పుడో ఒకప్పుడు అక్కడే విరుగుతుంది. ఆ వంపు పెద్దదిగా వదిలేస్తే బేరింగ్ అంచు దాని మీదికెక్కి వేడెక్కుతుంది. ఇప్పటికే తిప్పారు కాబట్టి ఆయిల్ ఫిల్టరు కోసి, మడతలు విప్పి ఎండలో చూడండి. రాగి రంగు తళుకులు కనిపిస్తే ఇక స్టార్ట్ చేయొద్దు.

ప్రశ్న: బీఎస్-4 కామన్ రైల్ ఇంజన్ (ఒకే గొట్టంలో ఎక్కువ ఒత్తిడితో ఉన్న డీజిల్‌ని కంప్యూటరు చిమ్మించే రకం) విప్పి బిగించాక చాలాసేపు క్రాంక్ చేస్తేగానీ స్టార్టవ్వడం లేదు. స్టార్టయ్యాక ఐడిల్‌లో ఊగుతోంది. ఏ సిలిండరు మిస్సింగో తెలుసుకోవడానికి పైపు నట్లు లూజు చేసి చూడమంటున్నారు.
డ్రైవరు, మణలి

జవాబు: ఆ పని చేయనివ్వకండి. మెకానికల్ పంపు బండికి ఒక్కో పైపు నట్టు వదిలి ఏ సిలిండరుకి వేగం పడట్లేదో చూడటం మామూలే. కామన్ రైల్లో పైపులో వెయ్యి బార్లు దాటిన ఒత్తిడి ఉంటుంది, ఆ ధార చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. స్కానర్‌తో ఒక్కో సిలిండరుకీ డీజిల్ ఆపి చూసే సిలిండర్ కటాఫ్ పరీక్ష ఉంది, అది చేయించండి.

ఎక్కువసేపు క్రాంక్ చేయాల్సి రావడానికి ముందు క్రాంక్, క్యామ్ సెన్సార్ల జత చూడండి. వేరే ఇంజన్ నుంచి ఫ్లైవీలో, పళ్ల చక్రమో, క్యామ్ గేరో వచ్చి ఉంటే రెండు సెన్సార్ల సంకేతాలూ కలవవు, ఈసీఎం (ఇంజన్ కంప్యూటరు) ఎక్కడ చిమ్మాలో తేల్చుకోలేదు. సింక్రనైజేషన్ కోడ్ వస్తే ఇదే అనుకోండి. సెన్సారు మార్చి డబ్బు పోగొట్టుకోకుండా పళ్ల సంఖ్య, ఖాళీ పన్ను స్థానం పాతదాంతో పోల్చమనండి.

ఐడిల్ ఊగడానికి ఇంజెక్టర్ కోడులు చూడండి. కొన్ని ఇంజన్లలో ప్రతి ఇంజెక్టరు మీదా దాని స్వభావం చెప్పే కోడ్ చెక్కి ఉంటుంది. అలాంటి ఇంజెక్టర్ని తీసి వేరే సిలిండరులో పెట్టినా, కొత్తది వేసినా ఆ కోడ్‌ని ఆ సిలిండరు పేరు మీద మళ్లీ ఎక్కించాలి. బిగించే ముందే ఆరింటినీ ఫోటో తీసుకోవడం తేలిక, తర్వాత కనిపించవు.

ప్రశ్న: లైనర్లున్న (సిలిండర్లలో మార్చుకునే గొట్టాలున్న) ఇంజన్. కొత్త లైనర్లు, గాస్కెట్ వేశాక రేడియేటర్లో బుడగలు. రెండోసారి గాస్కెట్ మార్చినా అంతే.
గుమ్మిడిపూండి

జవాబు: గాస్కెట్ తప్పు కాకపోవచ్చు. లైనర్ గొంతు బ్లాకు తలం కన్నా కాస్త పైకి ఉంటేనే గాస్కెట్‌ని నొక్కి పట్టుకుంటుంది. ఎంతన్నది ఇంజన్‌ని బట్టి మాన్యువల్లో ఉంటుంది. లైనర్‌ని క్లాంపులతో కిందికి అదిమి, చుట్టూ నాలుగు చోట్ల డయల్ గేజితో కొలవండి. పక్కపక్క లైనర్ల మధ్య తేడా 0.025 మి.మీ. దాటకూడదని చాలా ఇంజన్లకు లెక్క. తక్కువుంటే కింద కూర్చునే మెట్టు తినేసిందన్నమాట, దాన్ని చెక్కించి షిమ్ము (పలచటి రేకు రింగు) వేయాలి. కూర్చునే చోట పాత మసి, తుప్పు మిగిలినా కొలత అబద్ధం చెబుతుంది. వేరే కంపెనీ లైనర్ ఒకటి సెట్టులో కలిపి ఉంటే దాని గొంతు మందం మైక్రోమీటరుతో చూడండి.

ప్రశ్న: ఒక కనెక్టింగ్ రాడ్ వంగింది. పుదుపేటలో అదే నంబరు రాడ్ దొరికింది, కానీ క్యాపు లేదు. మా క్యాపు వేసుకోవచ్చా?
పూందమల్లి

జవాబు: వద్దు. రాడ్డూ క్యాపూ కలిపి బిగించాకే రంధ్రం బోర్ చేస్తారు. రెంటి మీదా ఒకే నంబరు కొట్టడం అందుకే. విరిచి విడగొట్టిన రకం రాడ్లలో అయితే ఒక క్యాపు ఇంకో రాడ్డు మీద సరిగ్గా కూర్చోనే కూర్చోదు. క్యాపుతో సహా దొరికితే, మిగతా అయిదింటితో పాటు తూకం వేయించి, వంపూ మెలికా లేత్ షాపులో చూపించాకే లోపలికి వేయండి.